కేబుల్ పీకింది ఒకటే, కోడ్ మాత్రం రెండూ పోయాయంది

ఫోన్ రివ్యూ ఓపెన్ చేయగానే మనలో చాలామంది నేరుగా స్క్రోల్ చేసేది బెంచ్‌మార్క్ సెక్షన్‌కే. ఆన్‌టూటూ ఎంత, స్టోరేజ్ రీడ్ స్పీడ్ ఎంత, పోయినేడాది మోడల్ కంటే ఎంత పెరిగింది. నేనూ అంతే. యూఎఫ్ఎస్ 4.0 అంటే సెకనుకి 4200 ఎంబీ దాకా చదువుతుందని నిద్రలో లేపి అడిగినా చెబుతాను. కానీ ఆ 4200 ఎంబీల్లో ఒక్క బైటు కూడా తప్పుచోట పడకుండా చూసుకునే కోడ్ సంగతి ఏ రివ్యూలోనూ కనపడదు. దానికి స్కోర్ లేదు మరి.

ఈసారి ఆ కోడ్ గురించి మాట్లాడుకుందాం. ఇంకా కచ్చితంగా చెప్పాలంటే, దాన్ని రివ్యూ చేసే పని గురించి. నా మాట ముందే చెప్పేస్తాను. కెర్నల్‌లో ఒకేసారి చాలా సీపీయూలు ముట్టుకునే కోడ్‌ని "టెస్టులన్నీ పాస్" అన్న ఒక్క ముక్కతో ఓకే చేయడం తప్పు. ఎవరో ఒకరు కూర్చుని దాన్ని లైను లైనూ చదవాల్సిందే. ఆ చదివే పనికి మన ఆఫీసుల్లో గానీ ఇంటర్వ్యూల్లో గానీ విలువ లేకపోవడం చూస్తే నాకు కోపమొస్తుంది. ఆ కోపంలో సగం నామీద నాకే. ఎందుకో కిందకి వెళ్లాక తెలుస్తుంది.

ఒక డిస్కు, రెండు దారులు

నేనుండేది షేక్‌పేటలో. బైక్ మీద పది నిమిషాల్లో ఫిల్మ్ నగర్. అక్కడ ఒక పోస్ట్ ప్రొడక్షన్ ఆఫీసులో నా బీటెక్ ఫ్రెండ్ ఒకడు స్టోరేజ్ చూసుకుంటాడు. సినిమా వాళ్ల ఆఫీసు కదా, ఎవరైనా కనపడతారేమోనని ఒక ఆదివారం వెళ్లాను. ఎవరూ కనపడలేదు. వాడు తీసుకెళ్లి సర్వర్ రూమ్ చూపించాడు. చలికి చేతులు కొంకర్లు పోయాయి.

ప్రతి సర్వర్ వెనకా రెండు ఆప్టికల్ ఫైబర్ కేబుళ్లు ఉన్నాయి. రెండూ వేర్వేరు స్విచ్‌ల మీదుగా వెళ్లి చివరికి చేరేది ఒకే స్టోరేజ్ బాక్సుకి. "ఒకటి చాలదా మామా?" అన్నాను. వాడు లెక్క చెప్పాడు. 10 బిట్ 4కే డీపీఎక్స్ ఫ్రేము ఒక్కటి సుమారు 35 ఎంబీ. సెకనుకి 24 ఫ్రేములంటే దాదాపు 850 ఎంబీ. 8 గిగాబిట్ ఫైబర్ ఛానల్ పోర్టు ఒకటి ఇచ్చేది సెకనుకి 800 ఎంబీ. అంటే ఒక్క కేబుల్ మీద ఒక్క షాట్ కూడా ఆగకుండా ప్లే అవదు. ఇది ఒక కారణం. రెండోది ఇంకా ముఖ్యం. ఒక కేబుల్ తెగినా, ఒక స్విచ్ చచ్చినా పని ఆగకూడదు. షూటింగ్‌లో తీసిన ఫుటేజ్ మళ్లీ తీయాలంటే హీరో డేట్లు కావాలి, సెట్ మళ్లీ వేయాలి. కేబుల్ ఖరీదు అందులో ఎంత?

ఇదే మల్టీపాత్. చిక్కేంటంటే, రెండు కేబుళ్లుంటే కెర్నల్‌కి రెండు డిస్కులు కనపడతాయి, ఎస్‌డీఏ ఒకటి, ఎస్‌డీబీ ఒకటి. "బాబూ, ఇవి రెండూ ఒకే డిస్కు, ఒక దారి పోతే రెండో దారిలో పంపు" అని చెప్పే కోడ్ మధ్యలో కావాలి. లినక్స్‌లో అది రెండు రకాలుగా ఉంది. ఒకటి డివైస్ మ్యాపర్ మీద కూర్చునే డీఎం మల్టీపాత్. ఇంకోటి 2018 జనవరిలో వచ్చిన లినక్స్ 4.15 నుంచి ఎన్‌వీఎంఈ డ్రైవర్‌లోనే ఉన్న సొంత మల్టీపాత్.

"నా ఫోన్‌కి రెండు కేబుళ్లు లేవు కదా, నాకెందుకిది" అనుకుంటున్నారా? మల్టీపాత్ లేదు, నిజమే. కానీ డివైస్ మ్యాపర్ ఉంది. ఆండ్రాయిడ్ 10 నుంచి వచ్చిన డైనమిక్ పార్టిషన్లు దాని మీదే నడుస్తాయి. సిస్టమ్ పార్టిషన్‌ని ఎవరూ మార్చలేదని తేల్చే డీఎం వెరిటీ కూడా దాని మీదే. ఏడీబీ షెల్‌లోకి వెళ్లి బ్లాక్ డివైసుల లిస్టు తీయండి, డీఎం 0, డీఎం 1 అంటూ వరసగా కనపడతాయి. ఫిల్మ్ నగర్ సర్వర్‌కీ మీ జేబులో ఫోన్‌కీ కింద పునాది ఒకటే.

నేను ఓకే చేసిన ఇఫ్

రేస్ కండిషన్ అంటే ఏంటో ఓఎస్ సబ్జెక్టులో అందరం చదివాం. డైనింగ్ ఫిలాసఫర్స్ బొమ్మ వేసి మార్కులు తెచ్చుకున్నాం. నాకు మాత్రం అది నిజంగా అర్థమైంది బెనిఫిట్ షో టికెట్ల దగ్గర. ఒక్క సీటు ఖాళీగా కనపడుతుంది. మీకు కనపడుతుంది, కూకట్‌పల్లిలో ఇంకొకడికీ కనపడుతుంది. ఇద్దరూ ఒకే క్షణంలో నొక్కుతారు. సీటు ఖాళీగా ఉందని చూడటానికీ, దాన్ని మన పేరు మీద పట్టుకోవడానికీ మధ్య చిన్న గ్యాప్ ఉంటుంది. ఆ గ్యాప్‌ని మూసే కోడ్ లేకపోతే ఒకే సీటు ఇద్దరికి అమ్ముడుపోతుంది.

ఇప్పుడు నా కథ. నేను పనిచేసిన ఒక చోట మాకు సొంత స్టోరేజ్ కోడ్ ఉండేది. అందులో ఒక దారి ఫెయిలైనప్పుడు పిలిచే చిన్న ఫంక్షన్ ఉంది. అది చేసే పని రెండు ముక్కలు: ఆ దారి మీద "చచ్చింది" అని ముద్ర వేయడం, బతికున్న దారుల లెక్కలోంచి ఒకటి తీసేయడం. ఒక టీమ్‌మేట్ దాన్ని మార్చి రివ్యూకి పంపాడు. నలభై లైన్ల మార్పు. "ఈ దారి మీద ముందే ముద్ర పడి ఉంటే వెనక్కి వెళ్లిపో" అనే చెక్ మొదట్లో ఉంది. ఆ తర్వాత లాక్ తీసుకుని, ముద్ర వేసి, లెక్క తగ్గించి, లాక్ వదిలేస్తుంది. చూడ్డానికి నీట్‌గా ఉంది. లాక్ ఉంది కదా అనుకున్నాను. టెస్టులు పచ్చగా ఉన్నాయి. ఆరు నిమిషాల్లో ఓకే కొట్టేశాను.

మూడు వారాలు ఏమీ కాలేదు. తర్వాత ఒక కస్టమర్ దగ్గర కేబుల్ ఒకటి లూజ్ అయింది. రెండో కేబుల్ శుభ్రంగా ఉంది. అయినా మా కోడ్ "దారులు సున్నా" అని తేల్చి అన్ని రీడ్లకీ రైట్లకీ ఎర్రర్ ఇచ్చేసింది. ఫైల్‌సిస్టమ్ రీడ్ ఓన్లీకి పోయింది. తెల్లారేదాకా నడవాల్సిన పని అర్ధరాత్రి దాటాక ఆగిపోయింది.

ఏం జరిగిందో చూడండి. కేబుల్ పోయినప్పుడు ఒక్క రిక్వెస్ట్ ఫెయిలవదు. ఆ క్షణానికి ఆ దారిలో ఉన్న పదులకొద్దీ రిక్వెస్టులు ఒకేసారి, వేర్వేరు సీపీయూల మీద ఫెయిలవుతాయి. ప్రతిదీ ఈ ఫంక్షన్‌నే పిలుస్తుంది. రెండు సీపీయూలు "ముద్ర పడిందా?" అని ఒకే క్షణంలో చూశాయి. రెండింటికీ "పడలేదు" అనే జవాబొచ్చింది. తర్వాత బుద్ధిగా లాక్ కోసం క్యూ కట్టి, ఒకదాని తర్వాత ఒకటి లెక్క తగ్గించాయి. రెండులోంచి ఒకటి, మళ్లీ ఒకటి. మిగిలింది సున్నా. మా టెస్ట్ స్క్రిప్టు కూడా కేబుల్ పోయినట్టు నటించేది, కానీ లోడ్ లేకుండా. ఒక్క రిక్వెస్ట్ వెళ్లేది, అదొక్కటే ఫెయిలయ్యేది, లెక్క సరిపోయేది. అంటే ఈ బగ్ బయటపడేది పని ఫుల్లుగా నడుస్తుండగా కేబుల్ పోయినప్పుడే. రెండో కేబుల్ ఏ రోజు కోసం కొన్నారో సరిగ్గా ఆ రోజే.

దాన్ని పట్టుకున్నది ఏ టూలూ కాదు. మా సీనియర్ ఒకాయన ఆ నలభై లైన్లు స్క్రీన్ మీద పెట్టి అడిగాడు.

"ఈ ఇఫ్ లాక్ బయట ఎందుకుంది?"

"లోపల పెడితే ప్రతిసారీ లాక్ తీసుకోవాలి కదన్నా. ఫాస్ట్ పాత్ స్లో అవుతుందని..."

"దారి చచ్చిపోయినప్పుడు నడిచే కోడ్ ఫాస్ట్ పాత్ ఎట్లయితది రా?"

నా దగ్గర జవాబు లేదు. రాసింది నేను కాదు, నిజమే. కానీ చదివాను అని సంతకం పెట్టింది నేను. చదవలేదు. లినక్స్ డీఎం మల్టీపాత్‌లో ఇదే పని చేసే ఫంక్షన్ తెరిచి చూస్తే, ఆ చెక్ లాక్ లోపలే ఉంటుంది. ఆ ఫైలు ఎప్పుడంటే అప్పుడు, ఫ్రీగా చదువుకోవచ్చు. నేను చదివింది మాత్రం ఇదంతా అయ్యాక.

లాక్ తీస్తే చప్పట్లు, పెడితే ఎవరికీ తెలీదు

అలా మొదలుపెట్టి ఆ ఫైలు చరిత్ర మొత్తం తిరగేశాను. సినిమా కథలా ఉంది.

2016 జులైలో లినక్స్ 4.7 వచ్చింది. అప్పటిదాకా డీఎం మల్టీపాత్‌లో ప్రతి ఐఓ ఒక స్పిన్‌లాక్ దాటుకుని వెళ్లేది. పెద్ద సర్వర్లలో, బాగా వేగమైన స్టోరేజ్ మీద ఆ ఒక్క లాక్ దగ్గరే సీపీయూలన్నీ క్యూ కడుతున్నాయి. అందుకని డివైస్ మ్యాపర్ మెయింటెయినర్, రెడ్‌హ్యాట్‌లో ఉన్న మైక్ స్నిట్జర్, ఐఓ వెళ్లే ప్రధాన దారిలోంచి ఆ లాక్ తీసేశాడు. ఫ్లాగులు బిట్ ఆపరేషన్లయ్యాయి, కౌంటర్లు అటామిక్ అయ్యాయి. మంచి పనే, అవసరమైన పనే. ఇలాంటి మార్పుకి గ్రాఫ్ గీయొచ్చు, చప్పట్లు కొట్టొచ్చు.

తర్వాత 2020లో అదే మనిషి అదే ఫైలుని మళ్లీ మొదటి నుంచీ చదివాడు. ఏ ఫ్లాగుని ఎవరు ఎక్కడ ముట్టుకుంటున్నారు, అక్కడ లాక్ ఉండాలా వద్దా అని ఒక్కొక్కటీ చూసుకుంటూ పోయాడు. లాకింగ్ ఆడిట్ అంటారు దీన్ని. స్లో పాత్‌లలో కొన్నిచోట్ల లాక్ ఉండాల్సింది, లేదు. ఉదాహరణకి "దారులేవీ లేకపోతే ఎర్రర్ ఇవ్వకు, ఐఓలని క్యూలో ఆపి ఉంచు" అని చెప్పే ఒక ఫ్లాగ్ ఉంది. దాన్ని చూసేచోట్ల లాక్ మళ్లీ పెట్టారు. దారులే లేనప్పుడు నడిచే కోడ్ అది, అక్కడ లాక్ వల్ల పోయే స్పీడ్ ఏమీ లేదు. మా సీనియర్ నన్నడిగిన ప్రశ్న కూడా అచ్చం ఇదే.

వేగంగా పోవాల్సిన చోట మాత్రం డబుల్ చెక్ పెట్టారు. ముందు లాక్ లేకుండా ఫ్లాగ్ చూస్తారు. మామూలు రోజుల్లో అది ఖాళీగానే ఉంటుంది కాబట్టి అలాగే వెళ్లిపోవచ్చు. ఒకవేళ సెట్ అయి కనపడితే, అప్పుడు లాక్ తీసుకుని మళ్లీ చూస్తారు. ఈ మార్పులు లినక్స్ 5.9లో, 2020 అక్టోబర్‌లో వచ్చాయి. మధ్యలో నాలుగేళ్లు.

నాలుగేళ్లు ఆలస్యమని వెటకారం చేయడానికి చెప్పట్లేదు. అసలు ఆ ఆడిట్ చేసినందుకు దండం పెట్టాలి. నా పాయింట్ వేరే. 2016 పనికి కొలత ఉంది, సెకనుకి ఇన్ని ఐఓలు పెరిగాయని చెప్పొచ్చు. 2020 పనికి ఏం చూపిస్తారు? "జరగని క్రాష్‌లు" అని గ్రాఫ్ వేయలేం. మన అప్రైజల్ ఫారాల్లో కూడా మొదటిదానికే కాలమ్ ఉంటుంది.

షేక్‌పేట ఫ్లైఓవర్, బిర్యానీ బోర్డు

ఇప్పుడు అసలు కష్టమైన రకానికి వద్దాం. పైన చెప్పిన బగ్‌కి లాక్ సరైన చోట పెడితే చాలు. ఎన్‌వీఎంఈ మల్టీపాత్‌లో ఐఓ వెళ్లే దారిలో లాకే లేదు. అక్కడ వాడేది ఆర్‌సీయూ కుటుంబంలోని ఎస్ఆర్‌సీయూ. ఆర్‌సీయూ లినక్స్‌లోకి 2002లో వచ్చింది. పాల్ మెకెనీతో పాటు భారత్‌లోని ఐబీఎం నుంచి దీపాంకర్ శర్మ దాని మీద పనిచేశాడు. మన కాలేజీల్లో ఈ సంగతి ఎవరూ ఎందుకు చెప్పరో నాకు తెలీదు.

ఆర్‌సీయూ ఐడియా మా ఏరియా వాళ్లకి ఈజీగా అర్థమవుతుంది. షేక్‌పేట ఫ్లైఓవర్ 2.8 కిలోమీటర్లు, 2022 జనవరి 1న తెరిచారు. పైనుంచి పోవచ్చు, కింద రోడ్డు మీద ఓయూ కాలనీ, సెవెన్ టూంబ్స్ జంక్షన్లలో ఆగుతూనూ పోవచ్చు. రెండు దారులు, గమ్యం ఒకటే. డిసెంబర్ 31 రాత్రి సిటీలో ఫ్లైఓవర్లు మూసేస్తారని తెలుసు కదా. మూయడమంటే ముందు ర్యాంపు దగ్గర బారికేడ్ పెడతారు. కొత్త బండ్లు ఎక్కవు. కానీ అప్పటికే పైనున్న బండ్లు దిగేదాకా ఆగాలి. ఆ తర్వాతే పైన రిపేర్లు గానీ తవ్వకాలు గానీ. ఎవరూ ఎవరికీ లాక్ వేయలేదు, ఎక్కిన బండి ఎక్కడా ఆగలేదు. తవ్వేవాడే ఓపిక పట్టాడు. ఆర్‌సీయూ అంటే ఇంతే: చదివేవాళ్లు ఆగరు, తీసేసేవాడు ఆగుతాడు.

ఇప్పుడు దీనికి ఒక మెలిక. ఓయూ కాలనీలో ఒక బిర్యానీ సెంటర్ ఉందనుకోండి. డెలివరీ కుర్రాళ్లు ప్రతిసారీ రెండు దారులూ చూసుకుని పోలేరు. అందుకని గోడ మీద ఒక బోర్డు ఉంటుంది: "ఇప్పుడు దారి: ఫ్లైఓవర్". అది చూసి పోతుంటారు. బోర్డు ఖాళీగా ఉంటే ఒక కుర్రాడు తనే వెళ్లి రెండు దారులూ చూసొచ్చి బోర్డు మీద రాస్తాడు. ఎన్‌వీఎంఈ మల్టీపాత్‌లో సరిగ్గా ఇలాంటి బోర్డు ఉంది, "ప్రస్తుత దారి" అనే పాయింటర్. పెద్ద సర్వర్లలో సీపీయూలు, ర్యామ్ గుంపులుగా ఉంటాయి కదా, ఒక్కో గుంపుకి ఒక్కో బోర్డు.

ఫ్లైఓవర్ మూయాలి. పోలీసులు బారికేడ్ పెట్టారు. మేనేజర్ వెంటనే వచ్చి బోర్డు తుడిచేశాడు. అంతా అయిపోయినట్టే ఉంది. కానీ బారికేడ్ పడటానికి అర నిమిషం ముందు ఒక కుర్రాడు ర్యాంపు చూసి, "ఓపెన్‌గానే ఉంది" అనుకుని తిరిగొస్తున్నాడు. మేనేజర్ తుడిచి వెళ్లాక వాడొచ్చి బోర్డు మీద "ఫ్లైఓవర్" అని రాశాడు. ఇక ఆ తర్వాత బోర్డు చదివిన ప్రతివాడూ నేరుగా తవ్వేసిన రోడ్డు మీదికే. కెర్నల్ భాషలో చెప్పాలంటే, ఫ్రీ అయిపోయిన మెమరీ మీదికి.

దీనికి లినక్స్ కోడ్ చేసే పని ఇది. దారిని తొలగించేటప్పుడు ముందు "రెడీ" ఫ్లాగ్ తీసేస్తుంది, అదే బారికేడ్. వెంటనే బోర్డు జోలికి పోదు. అప్పటికే దారులు చూడటానికి బయల్దేరినవాళ్లంతా తిరిగొచ్చి రాయడం పూర్తయ్యేదాకా ఒకసారి ఆగుతుంది. అప్పుడు బోర్డు తుడుస్తుంది. తుడిచినప్పుడు నిజంగానే ఆ బోర్డు మీద ఈ దారి పేరు ఉంటే, దాన్ని చదివి పైకెక్కినవాళ్లు దిగేదాకా ఇంకోసారి ఆగుతుంది. ఒకే ఫంక్షన్‌లో, నాలుగైదు లైన్ల తేడాతో, ఆగమని చెప్పే ఒకే పిలుపు రెండుసార్లు. ఒక్కోదాని పైనా చిన్న కామెంట్.

ఆ కామెంట్లు లేకుండా ఈ కోడ్ నా రివ్యూకి వచ్చి ఉంటే ఏం చేసేవాడినో నాకు బాగా తెలుసు. "ఇది రెండుసార్లు పడినట్టుంది, ఒకటి తీసేయండి, దారి తొలగించడం ఫాస్ట్ అవుతుంది" అని స్మార్ట్‌గా కామెంట్ పెట్టేవాడిని. వాళ్లు తీసేసేవాళ్లు. టెస్టులు పాసయ్యేవి కూడా.

టూల్స్ ఉన్నాయి కదా?

ఉన్నాయి, వాటిని తక్కువ చేసి మాట్లాడను. ఇంగో మోల్నార్ 2006లో తెచ్చిన లాక్‌డెప్, డెడ్‌లాక్ నిజంగా జరగక ముందే లాకుల వరస చూసి అరుస్తుంది. గూగుల్ నుంచి మార్కో ఎల్వర్ తెచ్చిన కేసీశాన్ 2020లో లినక్స్ 5.8లో చేరింది. రెండు సీపీయూలు ఒకే మెమరీని ఏ జాగ్రత్తా లేకుండా ముట్టుకుంటే పట్టిస్తుంది. మా నలభై లైన్ల మీద దాన్ని నడిపి ఉంటే, లోడ్ కూడా ఇచ్చి ఉంటే, ఆ ఇఫ్ దొరికే ఛాన్స్ బాగానే ఉంది. నడపలేదు, అది ఇంకో తప్పు.

కానీ బిర్యానీ బోర్డు కేసు చూడండి. అక్కడ బోర్డు చదవడం, రాయడం రెండూ ఆర్‌సీయూ పద్ధతిలోనే జరుగుతాయి. కేసీశాన్ దృష్టిలో డేటా రేస్ ఏమీ లేదు. ప్రతి ఒక్కరూ రూల్ పాటించారు, వరస ఒక్కటే తప్పింది. మెమరీ తప్పుల్ని పట్టే కేశాన్ అయితే ఆ ప్రమాదం నిజంగా జరిగిన రోజున మాత్రమే నోరు విప్పుతుంది. రస్ట్‌లో రాస్తే? సేఫ్ రస్ట్ డేటా రేసుల్ని ఆపుతుంది, నాకూ రస్ట్ ఇష్టమే. కానీ "బారికేడ్ ముందా, బోర్డు ముందా" అనేది కంపైలర్‌కి తెలీదు. ఏఐకి ఇచ్చి అడగొచ్చు, నేనూ అడుగుతాను. "ఇక్కడ రేస్ ఉండొచ్చు" అని అది ధీమాగా చెబుతుంది. అప్పుడు నిజంగా ఉందో లేదో చదివి తేల్చాల్సింది మళ్లీ నేనే.

దీనికి ఎదురు వాదన ఒకటుంది, అది గట్టిదే. మనుషులు చదివినా దొరకనివి ఉంటాయి కదా అని. డర్టీ కౌ గుర్తుందా? అప్పట్లో పాత ఆండ్రాయిడ్ ఫోన్లు రూట్ చేసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. అది రేస్ కండిషనే, మెమరీ మేనేజ్‌మెంట్‌లో. 2007 నుంచి కెర్నల్‌లో ఉంది, 2016 అక్టోబర్‌లో సరిచేశారు. లైనస్ టోర్వాల్డ్స్ అంతకు పదకొండేళ్ల ముందే దాన్ని సరిచేయబోయాడు. అది వేరే ప్రాసెసర్ మీద ఇబ్బంది పెట్టడంతో వెనక్కి తీసేశారు. చివరికి ఫిల్ ఓయెస్టర్ అనే ఆయన సర్వర్ ట్రాఫిక్ రికార్డు చేసి పెట్టుకోవడం వల్ల, అప్పటికే దాన్ని వాడుకుంటున్న ఎక్స్‌ప్లాయిట్ దొరికింది. ప్రపంచంలో అందరికంటే ఎక్కువమంది చూసే కోడ్‌లో తొమ్మిదేళ్లు ఉండిపోయింది. కాబట్టి చదివితే అన్నీ దొరుకుతాయని నేను చెప్పను. చదవడం అంటే ఏంటో మార్చుకోవాలంటాను. కోడ్‌ని పైనుంచి కిందకి ఒక్క మనిషి నడిచినట్టు చదివితే రేస్ ఎప్పటికీ కనపడదు. ఒక్క సీపీయూ చోట నిలబడి చూస్తే ప్రతి లైనూ కరెక్టే.

కెర్నల్ వాళ్ల కమిట్ మెసేజుల్లో దీనికో అలవాటుంది. రెండు కాలమ్స్ గీస్తారు. ఎడమవైపు సీపీయూ 0, కుడివైపు సీపీయూ 1, పైనుంచి కిందకి టైమ్. ఇతను ఇది చేసేలోపు అతను ఇది చేశాడు, అందుకే ఇది పోయింది, అని అందులో కళ్లకు కడతారు. ఇప్పుడు నా దగ్గరికి లాక్‌ని ముట్టుకునే మార్పు ఏది వచ్చినా కాగితం మీద ఆ రెండు కాలమ్స్ గీస్తాను. మార్పు పంపినవాళ్లనీ గీయమంటాను. మొదట్లో విసుక్కున్నారు. ఒకరు గీస్తూ గీస్తూ మధ్యలో "ఆగు ఆగు" అని మార్పు వెనక్కి తీసుకున్నారు. అలాగే ఏ లాక్ ఏ డేటాని కాపాడుతుందో పక్కన కామెంట్ లేకపోతే వెనక్కి పంపిస్తున్నాను. ఇది నా చాదస్తమేమీ కాదు. లినక్స్ చెక్‌ప్యాచ్ స్క్రిప్టుని స్ట్రిక్ట్ మోడ్‌లో నడిపితే, కామెంట్ లేని స్పిన్‌లాక్‌ని అదీ ఎత్తిచూపుతుంది.

దీనివల్ల నేను క్లోజ్ చేసే టికెట్లు తగ్గాయి. మొన్న మేనేజర్ అడిగాడు కూడా, "ఒక్క రివ్యూకి సగం రోజా?" అని. సగం రోజే సర్ అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, నోట్ చేసుకున్నాడు. అప్రైజల్‌లో ఏమవుతుందో చూడాలి.

ఇంటర్వ్యూల సంగతి ఒక్క ముక్క. "మ్యూటెక్స్‌కీ సెమాఫోర్‌కీ తేడా చెప్పండి" అని ఇంకా ఎన్నేళ్లు అడుగుతారు? బాత్రూం తాళం ఉదాహరణ చెప్పి అందరం పాసైపోయాం. దాని బదులు ఇరవై లైన్ల కోడ్ ఇచ్చి, "ఇక్కడ రెండో సీపీయూ ఎక్కడ దూరుతుంది?" అని అడగండి. నన్ను మొదటి ఉద్యోగానికి అలా అడిగి ఉంటే తీసుకునేవాళ్లు కాదేమో. కానీ ఆ ఇఫ్ గురించి నాకు ముందే తెలిసి ఉండేది.

పోయిన వారం ఫిల్మ్ నగర్ ఫ్రెండ్ ఫోన్ చేశాడు. వాళ్ల ఆఫీసుకి కొత్త ఎన్‌వీఎంఈ స్టోరేజ్ వచ్చిందట. ఆదివారం ఆఫీసు ఖాళీగా ఉంటుంది, రా, ఒక కేబుల్ పీకి ఫెయిలోవర్ ఎట్లుందో చూద్దాం అన్నాడు.

"ఆదివారం వద్దు మామా. అన్ని మెషీన్ల మీదా రెండర్లు ఫుల్లుగా నడిచే రోజు చెప్పు, అప్పుడు పీకుదాం."

"పిచ్చా నీకు? ఏదైనా పోతే?"

"అందుకే ముందు బ్యాకప్ తీసి పెట్టు. ఈలోపు ఆ ఫంక్షన్ ఇంకోసారి చదివొస్తా."